ఆసుపత్రి జనరేటర్ గురించి కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కలెక్టర్ గారికి నమస్కారం.

అర్జీలు ఇచ్చాం, జవాబు రాలేదు, అందుకే అందరి ముందూ రాస్తున్నాను. ఉద్దానంలో మేం వెళ్లే ఆసుపత్రిలో కరెంటు పోతే డీజిల్ జనరేటర్ ఒక్కోసారి స్టార్ట్ అవుతుంది, ఒక్కోసారి అవ్వదు. డయాలసిస్ మధ్యలో అలా జరిగితే రోగి రక్తం గొట్టాల్లోనే ఉంటుంది, మిషన్ బ్యాటరీ కాసేపే ఆదుకుంటుంది, అదీ అయిపోతే నర్సమ్మ పంపు పిడి పట్టుకుని చేత్తో తిప్పుతూ ఆ రక్తాన్ని ఒంట్లోకి పంపాలి, లేదంటే గడ్డకడుతుంది. మా పిన్ని ఆ చేతివంకే చూస్తూ పడుకుంది. ఆ టెన్షన్ ఎవరికీ వద్దండి.

2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు స్తంభాలు కూలి ఊళ్లకు ఊళ్లు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. అలాంటిది మళ్లీ వస్తే?

మేం కొత్త జనరేటర్ అడగట్లేదు. ఇవి మొరాయించేది చాలాసార్లు ఇంజిన్ పాడై కాదు, స్టార్టింగ్ బ్యాటరీ దిగిపోయో, నిల్వ డీజిల్‌లో నీరు చేరో. బ్యాటరీ మార్పించండి, ట్యాంకు కడిగించండి, నెలకోసారి అరగంట అసలు లోడు మీద నడిపి ఆ లాగ్‌బుక్ అందరికీ కనబడేలా పెట్టించండి. తుపాను హెచ్చరిక రాగానే మూడు రోజులకు సరిపడా డీజిల్ ఆసుపత్రిలోనే ఉండాలి. ఈ నెలాఖరులోగా రాతపూర్వకంగా జవాబివ్వాలని కోరుతున్నాం.

ఇట్లు,
ఒక డయాలసిస్ రోగి బంధువు, శ్రీకాకుళం జిల్లా