చేతిలో ఆట ఉన్నవారినే గేమ్ డెవలపర్ల సదస్సుకు పంపండి

సంపాదకుల వారికి,

అయ్యా,

తిరుపతి సమీపంలోని ఒక ఇంజనీరింగ్ కళాశాలలో కంప్యూటర్ సైన్స్ బోధిస్తున్నాను. చివరి సంవత్సరం విద్యార్థుల ప్రాజెక్టులకు గైడుగా కూడా ఉంటాను. కంప్యూటర్ గేములు తయారు చేయాలన్న కోరికతో వచ్చే పిల్లలు మా విభాగంలో ఏటేటా పెరుగుతున్నారు. గేమ్ డెవలపర్ల సదస్సు తేదీలు వెలువడగానే వారూ, వారి తల్లిదండ్రులూ అడిగేది ఒకటే: పాసుకూ ప్రయాణానికీ బసకూ ఇంత డబ్బు పోసి అక్కడికి వెళితే ఒరిగేదేమిటి? భారత గేమ్ డెవలపర్ల సదస్సు హైదరాబాదులో జరిగినన్నాళ్లూ మన ప్రాంతం నుంచి రాత్రంతా ప్రయాణం చేయవలసి ఉండేది కనుక ఈ ప్రశ్న కొద్దిమందికే పరిమితమై ఉండేది. 2025 నవంబరులో అది చెన్నైలో జరగడంతో, పొద్దున తిరుపతిలో బస్సెక్కితే మధ్యాహ్నానికి మాధవరంలో దిగగలిగినంత దగ్గరకు వచ్చింది. ఇక ముందు ఎక్కడ జరిగినా మన కళాశాలలు దీని గురించి ఒక నిర్ణయానికి రాక తప్పదు కాబట్టి, మీ పత్రిక ద్వారా నా అభిప్రాయాన్ని కొంత వివరంగా తెలియజేయాలనుకుంటున్నాను.

ఎదుటివారి చేతికిచ్చి ఆడించగలిగిన ఆట, అరకొరగానైనా సరే, తయారు చేసుకున్న విద్యార్థి ఈ సదస్సుకు తప్పక వెళ్లాలి. అటువంటిదేమీ లేని విద్యార్థిని పంపడానికి పెట్టే ఖర్చు దండగ. ఈ రెండు మాటలనూ పూర్తి బాధ్యతతోనే రాస్తున్నాను.

ఇటువంటి సదస్సులకు మూలం అమెరికాలో ఉంది. 1988లో క్రిస్ క్రాఫోర్డ్ అనే గేమ్ రూపకర్త శాన్ హొసేలోని తన ఇంటికి పాతిక మంది పైచిలుకు తోటి వృత్తివారిని పిలిచి, ఎవరి పని గురించి వారిని చెప్పమన్నారు. ఒకరిద్దరే కూర్చొని ఒక గేమును మొత్తం తయారు చేసే రోజులవి. పక్క ఊళ్లో మరొకరు అదే చిక్కుతో తల పట్టుకొని ఉన్నారని తెలిసే దారి ఉండేది కాదు. ఆ కూటమే ఏటా మార్చిలో శాన్ ఫ్రాన్సిస్కోలోని మాస్కోనీ సెంటరులో జరిగే గేమ్ డెవలపర్స్ కాన్ఫరెన్సుగా ఎదిగి, 2025 నాటికి 25,000 మందికి పైగా హాజరయ్యే స్థాయికి వచ్చింది. 2025 దాకా దానికి పూర్తి స్థాయి పాసు ధర 2,000 డాలర్లకు పైమాటే. విమాన ఖర్చులు, వీసా రుసుము, శాన్ ఫ్రాన్సిస్కో హోటళ్ల ధరలు కలుపుకుంటే మన జిల్లా విద్యార్థి విషయంలో దాని ఊసే ఎత్తనక్కరలేదు.

అయితే అక్కడి ప్రసంగాలు వినాలంటే అక్కడికి వెళ్లనక్కరలేదన్న సంగతిని మన కళాశాలలు ఇంకా సరిగా గుర్తించలేదు. ఏళ్ల తరబడి జరిగిన ప్రసంగాలలో ఎన్నింటినో నిర్వాహకులే యూట్యూబులో ఉచితంగా పెట్టారు. 2017లో జపాన్ గేమ్ సంస్థ నింటెండో బృందం ‘ది లెజెండ్ ఆఫ్ జెల్డా: బ్రెత్ ఆఫ్ ది వైల్డ్’ అనే గేము తయారీ గురించి ఇచ్చిన ప్రసంగాన్ని మా ల్యాబులో పెద్ద తెర మీద వేసి చూపించాను. అంత పెద్ద సంస్థ, అంత విశాలమైన త్రిమితీయ ప్రపంచాన్ని నిర్మించబోతూ, నిప్పు అంటుకుంటే చెట్టు కాలాలి వంటి నియమాలు ఆటలో పండుతాయా లేదా అని తేల్చుకోవడానికి ముందుగా 1986 నాటి మొదటి జెల్డా రూపంలో ఒక చిన్న ద్విమితీయ నమూనా చేసుకుందని విన్నప్పుడు, గ్రాఫిక్స్ బాగా లేవన్న బెంగతో ప్రాజెక్టు చూపించడానికే జంకుతున్న పిల్లలు నిటారుగా కూర్చున్నారు. ఈ పాఠానికి మా విభాగానికి అయిన ఖర్చు శూన్యం. కనుక ప్రసంగాలు వినడం కోసమే సదస్సుకు పంపుతున్నామని ఏ కళాశాల అయినా చెబితే ఆ కారణం నిలవదు.

వీడియోలో దొరకనిది మరొకటి ఉంది. మనమెవరో తెలియని, మనల్ని మెప్పించవలసిన అవసరం లేని, ఈ వృత్తిలో ఆరితేరిన మనిషి మన ఆటను చేతిలోకి తీసుకోవడం.

మా విద్యార్థులు ముగ్గురు పులి-మేక ఆటను ఫోనులో ఆడుకునేలా తయారు చేశారు. మూడు పులులు, పదిహేను మేకలు. మేకలను ఒక్కొక్కటిగా గీతలు కలిసే చోట్ల పెట్టాలి, పులులు మేకల మీదుగా దూకి వాటిని చంపుతాయి, మేకలు పులులను కదలనివ్వకుండా కట్టడి చేయాలి. పదిహేను మేకలూ పలక మీదకు దిగేదాకా ఏ మేకనూ కదపకూడదన్నది అందులో కీలకమైన నియమం. మన పల్లెల్లో రచ్చబండ మీద గీతలు గీసుకొని ఆడినవారికి ఇది చెప్పనక్కరలేదు. పిల్లలు దాన్ని మొదటి తెర మీద ఎనిమిది వరుసల వచనంగా రాసి, తమ పని అయిపోయిందనుకున్నారు. కళాశాలలో ఆడిన స్నేహితులంతా బాగుందన్నారు. రివ్యూ రోజున పరీక్షకులు నివేదిక పేజీలు తిప్పి, ఆర్కిటెక్చర్ బొమ్మ ఎక్కడుందని అడిగి, మార్కులు వేశారు. ఫోను చేతిలోకి తీసుకొని ఆడినవారు వారిలో ఒక్కరూ లేరు.

చెన్నై సదస్సులో బెంగళూరు గేమ్ స్టూడియో ఒకదానిలో పనిచేసే డిజైనరు ఆ ఫోను తీసుకున్నారు. ఎనిమిది వరుసల వచనాన్ని చదవకుండానే ఒక్క తాకుతో దాటేశారు. రెండు మేకలు పెట్టి, మూడోది పెట్టడానికి బదులు మొదటి మేకనే పట్టుకొని లాగారు. అది కదలలేదు. ఇంకోసారి లాగారు. ఫోను హ్యాంగ్ అయిందా అని అడిగారు. మా అమ్మాయి నియమం వివరించబోతే చేయి అడ్డుపెట్టి, “నువ్వు చెప్పకమ్మా. ఈ ఆట ఆడేవాళ్ల పక్కన నువ్వుండవు కదా” అన్నారు. ఆ తరువాత మరో పది నిమిషాలు ఆయన ఆడుతూనే ఉన్నారు. పిల్లలు నోరు మెదపకుండా ఆయన వేళ్లనే చూస్తూ నిలబడ్డారు. ఎక్కడ ఆగుతున్నారో, ఎక్కడ తడుముకుంటున్నారో, పులి దూకినప్పుడు ఎక్కడ ముఖం వికసించిందో వారికి కళ్లకు కట్టినట్టు కనిపించింది. ఆ రాత్రి లాడ్జి గదిలో కూర్చొని ఆ వచనం మొత్తం తీసేశారు. వేళ కాని వేళ మేకను తాకితే అది తల అడ్డంగా ఊపుతుంది. ఇంకా దిగవలసిన మేకలు పలక పక్కన వరుసగా నిలబడి మెరుస్తుంటాయి. అంతే మార్పు. మరునాడు ఆ ఆటను తీసుకున్నవారెవరూ ఫోను హ్యాంగ్ అయిందా అని అడగలేదు.

ఈ చిన్న మార్పు కోసం చెన్నై దాకా వెళ్లాలా అని నా సహోద్యోగి ఒకరు అన్నారు. వెళ్లాలనే నా సమాధానం. మన ఊళ్లో ఆ ఆట తెలియనివారు దొరకడం కష్టం. తెలియనివారు దొరికినా, లోపం ఎక్కడుందో గుర్తించి నోరు తెరిచి చెప్పగలిగిన వృత్తినిపుణులు దొరకడం ఇంకా కష్టం. ఇంగ్లీషులో తడబడతామేమోనన్న భయంతో ఇంటర్వ్యూల దగ్గర వెనుకంజ వేసే మన పల్లెటూరి పిల్లలకు మరో మేలు కూడా జరిగింది. అక్కడ వారు గడగడా మాట్లాడవలసిన అవసరం కలగలేదు. ఫోను చేతికిచ్చి పక్కన నిలబడ్డారు, వచ్చినవారే ప్రశ్నలు అడిగారు, తమకు పూర్తిగా తెలిసిన విషయం గురించి కాబట్టి వచ్చిన ఇంగ్లీషులోనే ధైర్యంగా జవాబు చెప్పారు.

ఇప్పుడు నన్ను బాధించిన సంగతి చెప్పాలి. మన ప్రాంతంలోని ఒక కళాశాల విద్యార్థుల దగ్గరే డబ్బు వసూలు చేసి, బస్సు మాట్లాడి, పెద్ద సంఖ్యలో పిల్లలను ఇటువంటి కార్యక్రమానికి తీసుకువెళ్లింది. వారిలో ఎవరి దగ్గరా చూపించడానికి ఏమీ లేదు. స్టాళ్ల ముందు ఫొటోలు దిగారు, ఉచితంగా ఇచ్చిన సంచులు తీసుకున్నారు, మధ్యాహ్నానికి అలసిపోయి మెట్ల మీద కూర్చున్నారు. పరిశ్రమతో అనుసంధానం అన్న శీర్షిక కింద ఆ ఫొటోలు కళాశాల దస్త్రాల్లోకి చేరాయి, విద్యార్థుల చేతికి సర్టిఫికెట్లు వచ్చాయి. ఆ పిల్లల్లో ఒకరి తండ్రి కౌలు రైతు. ఆ సొమ్ము ఎలా సర్దారో ఆ అబ్బాయే చెప్పగా విన్నాను. ఇది సమంజసం కాదని గట్టిగా అనిపించింది. పిల్లలు ఇష్టపడే వచ్చారు కదా అని యాజమాన్యం అనవచ్చు. ఏమి చూడాలో, ఎవరితో ఏమి మాట్లాడాలో, తిరిగి వచ్చాక ఏమి చేయాలో వారికి ముందుగా చెప్పవలసిన బాధ్యత అధ్యాపకులది. అది జరగలేదు.

మొదటి, రెండో సంవత్సరం విద్యార్థులకు స్ఫూర్తి కలుగుతుంది కదా అన్న వాదన కూడా ఉంది. ఇలాంటి వృత్తి ఒకటి ఉందని, అందులో మనలాంటివారే ఉన్నారని కళ్లారా చూడడంలో కొంత విలువ ఉందని ఒప్పుకుంటాను. కానీ ఆ డబ్బు తల్లిదండ్రులదైనప్పుడు, ముందు ఒక చిన్న ఆట పూర్తి చేసి ఆపై ఏడాది వెళ్లమని చెప్పడమే న్యాయం. ఆట తయారు చేయడానికి డబ్బు అడ్డు కాదు: గేములు తయారు చేసే గోడో, త్రిమితీయ బొమ్మలు చేసే బ్లెండర్ అనే సాఫ్ట్‌వేర్లు రెండూ పూర్తిగా ఉచితం, ఇచ్.ఐవో వంటి సైటులో ఆటను పెట్టడానికి రుసుము లేదు.

ఉద్యోగం వస్తుందన్న ఆశతో వెళ్లేవారికి ఒక మాట చెప్పాలి. సదస్సు క్యాంపస్ ఇంటర్వ్యూ కాదు. పైగా 2023, 2024 సంవత్సరాల్లో ప్రపంచవ్యాప్తంగా గేమ్ కంపెనీలు వేలాది మందిని తొలగించాయి కాబట్టి, అనుభవజ్ఞులు కూడా అదే హాలులో పని వెతుక్కుంటూ తిరుగుతుంటారు. అటువంటి చోట కాగితం మీది రెజ్యూమె ఎవరికీ గుర్తుండదు. ఫోనులో తెరిచి ఆడగలిగిన లింకు గుర్తుండే అవకాశం ఉంది.

తల్లిదండ్రుల్లో మరో భయం ఉంది, దాన్ని కొట్టిపారేయను. ఆన్‌లైన్ రమ్మీలో డబ్బు పోగొట్టుకొని అప్పులపాలైన కుటుంబాలు మన పట్టణాల్లోనూ ఉన్నాయి. మన రాష్ట్ర ప్రభుత్వం 2020లోనే రమ్మీ, పోకర్ వంటి ఆన్‌లైన్ పందేలను నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన చట్టం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ గేములను దేశమంతటా నిషేధిస్తూనే, పోటీలుగా ఆడే వీడియో గేములకు, అంటే ఈ-స్పోర్ట్స్‌కు గుర్తింపునిచ్చి, విద్యాసంబంధమైన, సామాజికమైన గేములను ప్రోత్సహించాలని నిర్దేశించింది. పిల్లలు నేర్చుకోవాలనుకుంటున్నది ఈ రెండో కోవకు చెందిన పని. ఈ తేడాను తల్లిదండ్రుల సమావేశాల్లో కళాశాలలు విడమరచి చెబితే అనవసరమైన ఆందోళన చాలా వరకు తగ్గుతుంది.

ఈ పరిస్థితుల్లో తిరుపతి, చిత్తూరు జిల్లాల కళాశాలలను కోరేది ఇది. బస్సు మాట్లాడే పద్ధతి మానండి. విభాగం నిధుల నుంచి ఒకటి రెండు జట్లకు పాసులు, బస్సు చార్జీలు, రెండు రాత్రుల బస ఖర్చు భరించండి. ఆ జట్లను మార్కులను బట్టి కాకుండా ఆటను ఆడి చూసి ఎంపిక చేయండి. అమ్మాయిలున్న జట్టుతో ఒక అధ్యాపకురాలిని తప్పక పంపండి, లేకపోతే ఇంట్లో అనుమతి దొరకక ఆగిపోయేది వారే. మిగిలిన డబ్బుతో పిల్లల ఆటలను విడుదల చేయించండి. గూగుల్ ప్లేలో డెవలపర్ ఖాతాకు ఒకేసారి కట్టేది 25 డాలర్లు, కంప్యూటర్ గేములు అమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీములో ఒక్కో గేముకు 100 డాలర్లు. పైగా 2023 నవంబరు తరువాత తెరిచిన వ్యక్తిగత ప్లే ఖాతాల్లో, ఆటను అందరికీ విడుదల చేసే ముందు కనీసం 12 మంది పరీక్షకులు వరుసగా 14 రోజులు చేరి ఉండాలన్న నిబంధన ఉంది. చాలామంది దాన్ని అడ్డంకిగా చూసి, స్నేహితుల మెయిల్ ఐడీలతో సంఖ్య నింపేస్తున్నారు. ఆ పన్నెండు మందిలో హాస్టల్ వంటమనిషి, ఎనిమిదో తరగతి చదివే తమ్ముడు, వేరే విభాగం లెక్చరరు ఉండేలా చూసుకుంటే సదస్సుకు వెళ్లే ముందే సగం లోపాలు బయటపడతాయి.

శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం, పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం, ఏర్పేడు దగ్గర ఐఐటీ, శ్రీసిటీలో ట్రిపుల్ ఐటీ, ఇవన్నీ ఒకే జిల్లాలో ఉన్నాయి. చిత్తూరు కళాశాలల వారు రావడానికి రెండు గంటల ప్రయాణం చాలు. వీరంతా కలిసి సెప్టెంబరులో ఒక ఆదివారం ఒక హాలు తీసుకొని, ఉపన్యాసాలు, శాలువాలు లేకుండా, ఒక కళాశాల పిల్లల ఆటలను మరో కళాశాల పిల్లలు, ఊరివారు వచ్చి ఆడి చూసేలా ఏర్పాటు చేయవచ్చు. ఏ జట్లను సదస్సుకు పంపాలో అక్కడే తేలిపోతుంది. ఈ సెమిస్టరు ప్రాజెక్టుల జాబితా ఖరారు చేసే ముందే ఆయా విభాగాధిపతులు ఈ విషయం చర్చించి నిర్ణయం తీసుకోవాలని, అటువంటి ఏర్పాటుకు ఎవరు పూనుకున్నా మా విభాగం తరఫున పనిచేయడానికి మేము సిద్ధంగా ఉన్నామని తెలియజేసుకుంటున్నాను.

భవదీయురాలు,
ఒక ఇంజనీరింగ్ కళాశాల అధ్యాపకురాలు,
తిరుపతి.