స్మోకీస్‌లో వీల్‌చెయిర్ వెళ్లే ట్రైల్

అందరికీ నమస్తే అండి. ఇండియా నుంచి అమ్మానాన్నలొచ్చినవాళ్లు స్మోకీస్‌కి (అమెరికాలోని గ్రేట్ స్మోకీ మౌంటెన్స్ నేషనల్ పార్క్) వెళ్లి కార్లోంచే కొండలు చూపించి తెచ్చేస్తున్నారు, మోకాళ్ల నొప్పులున్నోళ్లు ట్రైల్ ఎక్కడ ఎక్కుతారులే అని. అలా చెయ్యకండి ప్లీజ్.

టెనెసీలోని గాట్లిన్‌బర్గ్ ఊరి వైపు షుగర్‌ల్యాండ్స్ విజిటర్ సెంటర్ దాటగానే షుగర్‌ల్యాండ్స్ వ్యాలీ ట్రైల్ అని ఉంది, అర మైలే, మొత్తం చదునుగా పేవ్ చేసిన దారి, వీల్‌చెయిర్లకీ స్ట్రోలర్లకీ అని ప్రత్యేకంగా వేసిందే. పక్కనే లిటిల్ పిజియన్ నది పడమటి పాయ (వెస్ట్ ప్రాంగ్) రాళ్ల మీద పారుతుంటుంది, మధ్యలో ఒకప్పుడు అక్కడ బతికిన వాళ్ల ఇళ్ల రాతి పొగగొట్టాలు మాత్రం మిగిలి చెట్ల మధ్య నిలబడి ఉంటాయి, పెద్దవాళ్లకి అవి భలే నచ్చుతాయి, కాసేపు ఆగి చూడనివ్వండి, తొందరపెట్టొద్దు.

కొంచెం నడవగలిగితే నార్త్ కరోలినాలోని చెరోకీ ఊరి వైపు ఓకొనలఫ్టీ రివర్ ట్రైల్ కూడా బాగుంటుంది, ఒకవైపుకి 1.5 మైళ్లు, దాదాపు చదునే కానీ మట్టీ కంకరా, వీల్‌చెయిర్‌కి మొదటిదే మేలు. ఇక్కడ ఎల్క్‌లు (పెద్ద జాతి జింకలు) కనిపిస్తాయి, 2001లో మళ్లీ తెచ్చి వదిలారు. ఫొటో కోసం దగ్గరికి పోకండి, 50 గజాల దూరం రూల్, సెప్టెంబర్ అక్టోబర్‌లో మగవి మరీ రెచ్చిపోయి ఉంటాయి.

ఎంట్రీ ఫీజు లేదు, కానీ 15 నిమిషాలు దాటి కారు ఆపితే పార్కింగ్ ట్యాగ్ ఉండాలి, రోజుకి 5 డాలర్లు. నేషనల్ పార్క్స్ పాస్ ఉన్నా ఇది విడిగా కొనాల్సిందే.

వీల్‌చెయిర్ వెంట తీసుకెళ్లండి, అవసరం లేదన్నా సరే.