ప్రాణం పెట్టేది ఎవరు, పుతిన్ గారూ?

రష్యా అధ్యక్షులు వ్లాదిమిర్ పుతిన్ గారికి,

నమస్కారం. మీకు తెలుగు రాదని తెలుసు, ఈ ఉత్తరం మీ బల్ల మీదకి చేరదనీ తెలుసు. అయినా మీరు నలుగురిలో నిలబడి మైకులో చెప్పిన వాక్యం గురించి నలుగురిలోనే అడగాలనిపించి రాస్తున్నాను.

2022 మార్చి 18, మాస్కోలో లుజ్నికి స్టేడియం. యుక్రెయిన్‌లోని క్రిమియాను కలుపుకుని ఎనిమిదేళ్లయిందని సభ పెట్టారు. యుక్రెయిన్ మీదకి సైన్యాన్ని పంపి అప్పటికి మూడు వారాలు దాటింది. స్టేడియం నిండా జెండాలు. మీరు మీ సైనికుల గురించి మాట్లాడుతూ, పవిత్ర గ్రంథంలోని మాటలు గుర్తొస్తున్నాయని చెప్పి, తన స్నేహితుల కోసం ప్రాణం పెట్టేవాడి ప్రేమకంటే గొప్ప ప్రేమ లేదన్నారు. ఆ ప్రసంగం ఇంకా నడుస్తుండగానే మీ ప్రభుత్వ టీవీలో ప్రసారం తెగిపోయింది, సర్వర్ ప్రాబ్లం అన్నారు మీవాళ్లు. (అందులో దైవసంకల్పం వెతకను లెండి, సర్వర్లు అందరికీ చెడతాయి.)

అది యోహాను సువార్త 15వ అధ్యాయం 13వ వచనం. సండే స్కూల్ పిల్లలకి కూడా నోటికొస్తుంది. దానికి సరిగ్గా పైన ఉన్న 12వ వచనం మాత్రం మీరు ముట్టుకోలేదు, ఒకరినొకరు ప్రేమించండి, ఇదే నా ఆజ్ఞ అని ఉంటుంది అక్కడ. పైగా ఆ మాట చెప్పింది ఎవరు, ఎప్పుడు? ఇంకొన్ని గంటల్లో తనని పట్టుకుపోతారని తెలిసిన యేసు, ఆఖరి రాత్రి, తనవాళ్ల మధ్య కూర్చుని. పెట్టబోయేది తన సొంత ప్రాణం. తనని కాపాడటానికి శిష్యుడొకడు కత్తి దూస్తే ఒరలో పెట్టమన్నాడు. మీరు ఆ వచనం చదివింది ఎవరి ప్రాణాల మీద? బుర్యాతియా, తువా లాంటి పేద ప్రాంతాల నుంచి వెళ్లిన కుర్రాళ్ల మీద కూడా, వాళ్లలో చాలామంది క్రైస్తవులే కాదు, బౌద్ధులు. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు అంటాం మేము ఇలాంటిదాన్ని.

మీ సిలువ కథ కూడా నాకు తెలుసు. మీ అమ్మగారు ఇచ్చిన సిలువ, 1990ల్లో మీ ఇల్లు కాలిపోతే బూడిదలో చెక్కుచెదరకుండా దొరికిందని 2001లో స్లొవేనియాలో జార్జ్ బుష్‌కి చెప్పారు. ఆయన బయటికొచ్చి, మీ కళ్లలోకి చూశాననీ మీ ఆత్మ అర్థమైందనీ ప్రపంచానికి చెప్పాడు. కథ నిజమే అయుండొచ్చు, అమ్మ ఇచ్చిన సిలువను నేను వెక్కిరించను. కానీ ఎదుటివాడు దేనికి కరుగుతాడో చూసి అదే బయటికి తీయడం మీలా సోవియట్ గూఢచార సంస్థ కేజీబీలో పనిచేసినవాళ్లకి ఎవరూ కొత్తగా నేర్పక్కర్లేదు.

ఈ విద్య మీతో మొదలవలేదు, ఒప్పుకుంటాను. స్పెయిన్ నియంత ఫ్రాంకో తన నాణేల మీద దేవుని కృపవల్ల నాయకుడినని వేయించుకున్నాడు. చర్చిలు కూలగొట్టించిన స్టాలిన్ కూడా యుద్ధం మధ్యలో, 1943లో, బిషప్పులను పిలిపించుకుని మళ్లీ పాట్రియార్క్‌ను, అంటే చర్చి అధిపతిని, ఎన్నుకోనిచ్చాడు. మీరు 2020లో కుబింకా దగ్గర సైన్యం కోసం కట్టించిన పెద్ద చర్చి ఉంది కదా, దాని మెట్లలో రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ల దగ్గర పట్టుకున్న ఆయుధాలు కరిగించి పోశారు. ఆ జర్మన్ సైనికుల బెల్టు బకిల్ మీద ఏం రాసి ఉండేదో మీకు నాకంటే బాగా తెలుసు. 'దేవుడు మాతో ఉన్నాడు' అని.

అదే ఏడాది రాజ్యాంగంలోకి దేవుణ్ణి తెచ్చారు. అదే సవరణల మూటలో మీ పాత పదవీకాలాలు లెక్కలోంచి తీసేసి 2036 వరకు కుర్చీలో ఉండే దారి వేసుకున్నారు. జనానికి ఇచ్చింది ఒకటే ప్రశ్న, అన్నిటికీ కలిపి అవునా కాదా. దేవుడు కావాలంటే 2036 కూడా తీసుకోవాలి.

తర్వాత 2022 సెప్టెంబర్‌లో సైన్యంలోకి జనాన్ని పిలిచారు. నాలుగు రోజులకే మీ రష్యన్ చర్చి పాట్రియార్క్ కిరిల్ గారు, సైనిక బాధ్యతలో చనిపోతే పాపాలన్నీ కడుక్కుపోతాయని ప్రసంగించారు. పాపాలు కడిగేది ఎవరి రక్తం అని అడిగితే ఏ చర్చిలోనైనా ఒక్కటే జవాబు చెబుతారు, అందులో రిక్రూట్‌మెంట్ ఆఫీసు ప్రస్తావన ఉండదు.

సొంత ప్రాణం పెట్టిన మనిషి మీ దేశంలో లేకపోలేదు. విషప్రయోగం నుంచి బయటపడి, దిగగానే పట్టుకుంటారని తెలిసీ 2021 జనవరిలో తిరిగొచ్చాడు మీ ప్రత్యర్థి, ప్రతిపక్ష నేత అలెక్సీ నావల్నీ. మరుసటి నెల కోర్టులో బోనులో నిలబడి, నీతి కోసం ఆకలిదప్పులు గలవారు ధన్యులు అన్న వాక్యం చెప్పాడు. మీరు చదివే పుస్తకమే. 2024 ఫిబ్రవరిలో ఆర్కిటిక్ జైలు కాలనీలో పోయాడు, 47 ఏళ్లు. ఆయనకి స్మారక ప్రార్థన చేసినందుకు మాస్కోలో ఒక ఫాదర్‌ని మూడేళ్లు పక్కన పెట్టారు.

ఇంకొకాయన సంగతి నన్ను అసలు వదలడం లేదు. యుద్ధం మొదలయ్యాక చర్చిల్లో చదవమని పై నుంచి ఒక ప్రార్థన వచ్చింది, అందులో మాకు విజయం ఇవ్వు అని ఉంది. మాస్కోలో ఫాదర్ ఇయోన్ కోవల్ 'విజయం' అన్నచోట 'శాంతి' అని చదివాడు. ఒక్క మాట. 2023లో ఆయన యాజకత్వమే తీసేశారు. కాన్‌స్టాంటినోపుల్ పాట్రియార్క్ మళ్లీ ఇచ్చాడు కాబట్టి సరిపోయింది, లేకపోతే ఆ మాటతోనే ఆయన పరిచర్య ముగిసేది. అదే ఏడాది జులైలో మీ క్షిపణి యుక్రెయిన్ నగరం ఒడెసాలోని రూపాంతర కేథడ్రల్ కప్పు చీల్చుకుంటూ వెళ్లింది. 1930ల్లో సోవియట్ ప్రభుత్వం కూల్చేస్తే మళ్లీ కట్టుకున్న గుడి అది, 2010లో దాన్ని ప్రతిష్ఠించింది కిరిల్ గారే.

2023 జనవరిలో, మీ ఆర్థడాక్స్ క్రిస్మస్‌కి, 36 గంటలు కాల్పులు ఆపుతామన్నారు, అవి ఆగలేదు. ఆ రాత్రి క్రెమ్లిన్‌లోని చిన్న కేథడ్రల్‌లో బంగారు విగ్రహపటాల ముందు మీరు ఒక్కరే నిలబడి ఉన్నారు, చుట్టూ యాజకులు తప్ప ఇంకెవరూ లేరు, కెమెరా మాత్రం ఉంది. ఆ వీడియో చూసినప్పటి నుంచి నాకు ఒకటే సందేహం. ప్రార్థనలో ఆ మాట దగ్గరికి వచ్చేసరికి మీరు మనసులో ఏమనుకున్నారు? విజయం అనా, శాంతి అనా?

ఇట్లు,
ఆ వచనం చిన్నప్పుడే నేర్చుకున్న ఒక క్రైస్తవ విశ్వాసి