పెళ్లి వీడియోల్లో సినిమా పాటల గురించి మా కస్టమర్లకు

వచ్చే శ్రావణ మాసం ముహూర్తాల నుంచి మా స్టూడియో ఆన్‌లైన్‌లో పెట్టే ఏ పెళ్లి వీడియోలోనూ సినిమా పాట ఉండదు. టీజర్‌లో ఉండదు, హైలైట్స్‌లో ఉండదు, రీల్స్‌లోనూ ఉండదు. పైగా హైలైట్స్ రేటు 1,500 రూపాయలు పెరుగుతోంది. పాట తీసేసి రేటు పెంచడమేమిటని ఎలాగూ అడుగుతారు కాబట్టి సంగతంతా ముందే చెప్పేస్తున్నాను.

ఈమధ్య ఒకే రకం ఫోన్లు ఎక్కువయ్యాయి. "అన్నా, మా వీడియోలో సౌండ్ పోయింది." "డాలస్‌లో మా అక్క ఓపెన్ చేస్తే ఈ దేశంలో కనిపించదని వస్తోందట." ఫైల్ పాడవలేదండీ. యూట్యూబ్‌లో కంటెంట్ ఐడీ అనే ఏర్పాటు ఉంది. మ్యూజిక్ కంపెనీలు తమ పాటలను ముందే దానికి ఇచ్చి ఉంచుతాయి. మనం వీడియో ఎక్కించగానే అది వాటితో పోల్చి చూస్తుంది. పాట దొరికితే ఆపైన కంపెనీ ఇష్టం. యాడ్స్ వేసి ఆ డబ్బు తీసుకోవచ్చు, కొన్ని దేశాల్లో వీడియో కనపడకుండా చేయవచ్చు. దీన్ని క్లెయిమ్ అంటారు, ఛానెల్‌కు దీనివల్ల మామూలుగా ప్రమాదం ఉండదు. స్ట్రైక్ వేరు. హక్కుదారు ఫిర్యాదు చేసి వీడియో తీయిస్తే పడేది అది. 90 రోజుల్లో మూడు పడితే ఛానెలే పోవచ్చు. అందులో మీ పెళ్లితో పాటు ఏ సంబంధమూ లేని ఇంకెన్నో ఇళ్ల పెళ్లిళ్లు ఉంటాయి. నా టెన్షన్ అంతా అక్కడే.

కింద "క్రెడిట్స్ టు ఓనర్" అని రాస్తే సరిపోదా, 30 సెకన్ల లోపైతే పర్వాలేదట కదా, అన్‌లిస్టెడ్‌లో, అంటే లింక్ ఉన్నవాళ్లకే కనిపించేలా పెడితే ఎవరికి తెలుస్తుంది అని అడుగుతుంటారు. మూడూ పనికిరావు.

"పెళ్లిలో పాటలు వేసుకోవచ్చని ప్రభుత్వమే చెప్పిందిగా" అనే ప్రశ్న మాత్రం న్యాయమైనది. కాపీరైట్ చట్టం, 1957లోని సెక్షన్ 52 పెళ్లి ఊరేగింపులో, పెళ్లికి సంబంధించిన వేడుకల్లో పాటలు వేసుకోవడానికి మినహాయింపు ఇచ్చింది. దానికి రాయల్టీ అడగడం కుదరదని 2023 జూలైలో కేంద్ర ప్రభుత్వ శాఖ డీపీఐఐటీ ఒక నోటీసు కూడా ఇచ్చింది. కానీ అది పందిట్లో మోగే పాట సంగతి. అదే పాటను వీడియోకి అతికించి ఇంటర్నెట్‌లో పెట్టడం కాపీ చేయడం కిందికి వస్తుంది. అందులోనూ మేం డబ్బు తీసుకుని చేసే పని కదా. ఇలాంటి ఉల్లంఘనకు సెక్షన్ 63లో ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా రాసి ఉంది. పెళ్లి వీడియో కోసం ఎవరో జైలుకు వెళ్తారని నేను భయపెట్టడం లేదు. అసలు వ్యవహారం అంతదాకా పోదు. ఏ పోలీసు కన్నా ముందే కంప్యూటర్ పట్టేస్తుంది.

పాట రాసినవాళ్లకు, బాణీ కట్టినవాళ్లకు రాయల్టీలో వాటా దక్కాలని ఇదే చట్టానికి 2012లో చేసిన సవరణ చెప్పింది. అది మంచి పనే. నా గోడల్లా ఒక్కటే: ఒక్క పెళ్లి వీడియోకి ఒక్క పాటను సరసమైన ధరకు కొనుక్కుందామంటే మాలాంటి చిన్న స్టూడియోకి చోటు లేదు. నేను అడిగిన చోటల్లా సినిమాకీ యాడ్‌కీ పనికొచ్చే లెక్కలే చెప్పారు.

పాత పాటలు పెట్టమని పెద్దవాళ్లు అంటారు. రికార్డింగ్‌కు హక్కు విడుదలైన తర్వాత 60 ఏళ్లు ఉంటుంది. బాణీకీ సాహిత్యానికీ అయితే ఆ మనిషి పోయాక 60 ఏళ్లు. ఘంటసాల గారు 1974లో పోయారు కాబట్టి ఆయన కట్టిన బాణీలకు 2034 చివరి దాకా హక్కు ఉన్నట్టే. బ్లాక్ అండ్ వైట్ సినిమా అయినంత మాత్రాన ఫ్రీ కాదు.

అందుకే నాకు బాగా నచ్చిన దారి మేళం. త్యాగయ్య 1847లోనే పోయారు, ఆయన కీర్తనల మీద ఇప్పుడు ఎవరికీ కాపీరైట్ లేదు. ఎవరో పాడిన సీడీ వాడకుండా, మీ పందిట్లో సన్నాయి, డోలు వాయిస్తుండగా మేమే మంచి మైకులతో రికార్డు చేస్తాం. జీలకర్ర బెల్లం పెట్టేటప్పుడు డోలు జోరందుకోవడం ఏ సినిమా పాటకీ రాదు, ఇది నా సొంత అభిప్రాయం. మేళగాళ్లకు కూడా తమ వాయిద్యం మీద చట్టం హక్కు ఇచ్చింది. కాబట్టి వాళ్లతో సంతకం చేయించుకుని, వేరుగా డబ్బిస్తాం. పెరిగిన 1,500లో ఎక్కువ భాగం అదే, మిగతాది లైసెన్స్ ఉన్న మ్యూజిక్‌కు కట్టే చందా. మీరు మాత్రం మేళం మాట్లాడుకునేటప్పుడే కీర్తనలు వాయించమని చెప్పండి. సన్నాయి మీద సినిమా పాట వాయిస్తే మళ్లీ మొదటికొస్తుంది.

లైవ్ లింక్ విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. సంగీత్‌లో డీజే పాట మోగుతుండగా లైవ్ ఆగిపోయే అవకాశం ఉంది. ఇకపై సంగీత్, ఊరేగింపు లైవ్‌లో డీజే లైన్ కలపం, యాంకర్ మైకు మాత్రమే ఇస్తాం. దూరాన ఉన్నవాళ్లకు కాస్త చప్పగా ఉంటుంది, నిజమే. కానీ మూడు ముళ్ల వేళకు లింక్ బతికి ఉండాలి కదా.

రీల్స్ మాత్రం పాట లేకుండా మీకే పంపుతాం. మీ పర్సనల్ ఇన్‌స్టా అకౌంట్‌లో ఉండే మ్యూజిక్ లైబ్రరీ నుంచి నచ్చిన పాట పెట్టుకోండి. మాది బిజినెస్ అకౌంట్, మాకు ఆ పాటల్లో చాలావరకు రావు.

మరో మాట. డబ్బిచ్చి తీయించుకున్న పెళ్లి ఫొటోలకు, వీడియోకు వేరే ఒప్పందం లేకపోతే కాపీరైట్ మీదే, మాది కాదు. సెక్షన్ 17 చెప్పేది అదే. అందుకని ఇకపై మా పేజీలో మీ ఫొటో పెట్టే ముందు బుకింగ్ ఫారంలోనే అడుగుతాం. వద్దంటే పెట్టం, రేటు మారదు.

ఇప్పటికే అడ్వాన్సు ఇచ్చినవాళ్లకు పాత రేటే. పాత వీడియోల్లో సౌండ్ పోయినవాళ్లు లింక్ వాట్సాప్ చేయండి, ప్రాజెక్ట్ ఫైల్ మా దగ్గర ఉంటే వేరే మ్యూజిక్‌తో ఉచితంగా మార్చి ఇస్తాం. ముహూర్తాల రద్దీ మొదలయ్యేలోపు పంపితే త్వరగా అవుతుంది.