ముందు ఫొటో చూడాలి, తర్వాత మాట్లాడాలి

లెస్టర్,
ఫిబ్రవరి 15

చిరంజీవి చిన్నాకి అక్క దీవెనలు.

ఇక్కడ మేమంతా కులాసా. చలి ఇంకా వదల్లేదు. అమ్మ మోకాలికి డాక్టరు ఏమన్నాడో నువ్వు రాయనేలేదు, ఈసారి ముందు అది రాయి.

ఫొటోలు తీయడానికి కొల్లేరు దగ్గరి ఆటపాక పక్షుల కేంద్రానికి వెళ్ళొచ్చాక మీ ఫొటోల గుంపులో మాటామాటా పెరిగి, ఆ భీమవరం అబ్బాయి రావడం మానేశాడంటే నాకు మనసు చివుక్కుమంది. వాడి పెలికాన్ ఫొటో చూసి మాస్టారు "డిలీట్ చేసెయ్" అన్నారని, మిగతావాళ్ళంతా "సూపర్", "కేక" అని ఊరుకున్నారని రాశావు. ఎవరిది తప్పు అని అడిగావు. నాకైతే రెండూ ఒకటేరా. ఒకటి వాణ్ణి బాధపెట్టింది, ఇంకోటి సంతోషపెట్టింది, అంతే తేడా. ఆ ఫొటోని నిదానంగా చూసినట్టు రెండింటిలోనూ కనపడదు. కొత్తగా నేర్చుకునేవాడికి కావలసింది తన ఫొటోని ఇంకొకరు శ్రద్ధగా చూశారన్న నమ్మకం.

మా క్లబ్బులో ఎలా చేస్తారో చెబుతాను. ఈ దేశంలో చిన్న ఊళ్ళలోనూ కెమెరా క్లబ్బులుంటాయి. సెప్టెంబరు నుంచి మే దాకా, వారానికో సాయంత్రం, చాలాచోట్ల చర్చి పక్కనుండే హాల్లోనే. ఎక్కువమంది రిటైరైనవాళ్ళు. పోటీ రోజున బయటి నుంచి జడ్జి వస్తారు. ఫొటో పేరు చదువుతారు గానీ తీసిందెవరో చెప్పరు, 20కి మార్కులేస్తారు. అదీ బాగానే ఉంటుంది. నాకు మాత్రం మార్కుల్లేని సాయంత్రాలే ఇష్టం. ఆ రోజు ఎవరి ప్రింటు వాళ్ళు తెచ్చి లైటు కింద స్టాండు మీద పెడతారు. తీసినవాళ్ళు నోరు మెదపరు. చూసినవాళ్ళు ముందు తమ చూపు ఎక్కడికి పోయిందో చెప్పాలి.

మొన్న శరదృతువులో ఒక పెద్దాయన బ్రాడ్‌గేట్ పార్కులో తీసిన దుప్పి ఫొటో తెచ్చాడు. అక్టోబరులో అక్కడ మగ దుప్పులు జత కోసం అరుస్తూ పోట్లాడుకుంటాయి, పొద్దున్నే వెళితే మంచులో వాటి ఊపిరి ఆవిరిలా కనపడుతుంది. ఒకావిడ లేచి, "నా కన్ను ముందు ఆ ఊపిరి మీద పడింది. కాసేపటికి కుడివైపు పైమూల తెల్లటి ఆకాశం లాక్కుపోయింది. అది మీకు కావాలా?" అని అడిగింది. చలి చూపిద్దామనుకున్నానన్నాడాయన. అప్పుడావిడ L ఆకారంలో కత్తిరించిన నల్ల అట్టముక్కలు రెండు తీసి, ఫొటో అంచుల మీద పెట్టి, మెల్లగా లోపలికి జరిపింది. ఆ తెల్లమూల మాయమయ్యేసరికి ఊపిరి ముందుకొచ్చింది, హాలంతా చూసింది. బాగాలేదన్న మాటే రాలేదు. ఆయన మళ్ళీ ప్రింటు తీసి తెచ్చాడు.

ఇక నువ్వు పంపిన పెలికాన్ ఫొటో. స్క్రీను నిండా పెట్టుకుని చాలాసేపు చూశాను. పిల్ల నోరు తెరిచి తల పైకెత్తిన క్షణం దొరికింది, దాని కన్ను పదునుగా ఉంది. నా చూపు నేరుగా అక్కడికే వెళ్ళింది. ఈ మాట వాడికి ముందు చెప్పాలి. మెప్పు కోసం కాదు, అది నిజం గనక. ఏది కుదిరిందో తెలియకపోతే వచ్చేసారి దాన్నే పోగొట్టుకుంటాడు.

తల్లి రొమ్ము దగ్గర ఈకల గీతలు పోయాయి, సున్నం కొట్టిన గోడలా ఉంది. ఎందుకలా అయిందో కూడా చెప్పాలిరా. వెనక నీళ్ళు నల్లగా ఉంటే కెమెరా ఆ నలుపును చూసి వెలుతురు పెంచేస్తుంది, తెల్ల పక్షి పాలిపోతుంది. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (కెమెరా ఎంచిన వెలుతుర్ని మనం పెంచే, తగ్గించే సెట్టింగు) మైనస్ 0.7కో మైనస్ 1కో దించి, హిస్టోగ్రామ్ (ఫొటోలో వెలుగునీడలు ఎంతెంత ఉన్నాయో చూపే గ్రాఫు) కుడి అంచుకి గుద్దుకోకుండా చూసుకోమను. అదే పక్షి ఆకాశం ముందు ఎగురుతుంటే ప్లస్ వైపు వెళ్ళాలి. వాలే పక్షికి షట్టర్ స్పీడ్ 1/500 సెకను చాలలేదు, తల్లి మొహం కదిలి మసకబారింది. ఐఎస్ఓ (తక్కువ వెలుతురులోనూ తీసేందుకు పెంచే సెట్టింగు) పెంచి అయినా 1/2000 పెట్టమను. ఫొటోలో ఇసుక చల్లినట్టు చుక్కలు పడినా ఫరవాలేదు. ఎడమ రెక్క కొస తెగిన సంగతి వాడికే కనపడుతుంది, ఆ మాట నువ్వు ఎత్తకు. ఒక్కసారే అన్నీ గుమ్మరిస్తే కొత్తవాడు ఏదీ పట్టుకోలేడు. ఆ వెలుతురు సంగతొక్కటి ఈసారికి చాలు, షట్టర్ స్పీడ్ సంగతి మళ్ళీ వెళ్ళేముందు చెప్పు.

మాస్టారు పెలికాన్ గూడు కింది ఇనప స్టాండు అసహ్యంగా ఉంది, ఫొటోషాపులో తీసెయ్యాలన్నారట. నేను ఒప్పుకోను. ఆటపాకలో పక్షులు గూళ్ళు పెట్టుకోవడానికి వేసినవే అవి. ఆ స్టాండు తీసేస్తే కొల్లేరు కథే పోతుంది. పైగా 1853లో పుట్టిన ఇక్కడి రాయల్ ఫొటోగ్రాఫిక్ సొసైటీ, ఫియాప్ అనే అంతర్జాతీయ ఫొటోగ్రఫీ సమాఖ్య, అమెరికా ఫొటోగ్రాఫర్ల సంఘం పీఎస్ఏ కలిసి 2014లో ప్రకృతి ఫొటోలకు ఒకే నిర్వచనం పెట్టుకున్నాయి. దాని ప్రకారం అంచులు కత్తిరించొచ్చు (క్రాప్) గానీ ఫొటోలో ఉన్నదాన్ని చెరపకూడదు, లేనిదాన్ని చేర్చకూడదు. మనుషులు కట్టినవాటి మధ్య బతకడం అలవాటైన కొంగల్లాంటివైతే ఆ కట్టడం కనపడినా తప్పు లేదు. ఈ విషయం మాస్టారికి అందరి ముందూ కాకుండా విడిగా, మర్యాదగా చెప్పు. ఆయనకు తెలిసింది చాలా ఉంది, ఆయన్నీ పోగొట్టుకోవద్దు.

మీ గుంపులోని బ్యాంకాయన తీసిన తెల్లవారుజాము పడవ ఫొటోలో నారింజ రంగు మరీ ఎక్కువైంది. ఆ పొద్దున నిజంగా అలా ఉందా అని అడుగు, చాలు. "నేనైతే ఇలా తీసేదాన్ని" అని నాకూ నోటిదాకా వచ్చింది. ఆ మాట మొదలుపెడితే ఆయన ఫొటో పక్కకు పోయి మన ఫొటో ముందుకొస్తుంది. ఆయన ఏం చూపించాలనుకున్నాడో తెలిశాకే సలహా.

ఒక్కచోట మాత్రం మొహమాటపడకు. ఎవరైనా గూటికి మరీ దగ్గరగా వెళ్ళో, పక్షుల్ని బెదరగొట్టి లేపో తీశారని తెలిస్తే, ఫొటో ఎంత గొప్పదైనా తప్పని చెప్పాల్సిందే. తల్లి ఎండలో గూడు వదిలేస్తే పిల్లలు మాడిపోతాయి.

ముందు ఆ అబ్బాయికి ఫోన్ చెయ్యి, మెసేజ్ వద్దు. అసలు ఫైలు, రా (RAW, కెమెరా మార్పులేమీ చెయ్యకుండా దాచిన ఫైలు) ఉంటే అదే, పంపమని అడుగు. ఆ రొమ్ము ఈకలు కొంతైనా వెనక్కొస్తాయేమో నేను చూస్తాను. తర్వాత ఒక ఆదివారం అందర్నీ ఇంటికి పిలువు. తలా రెండు ఫొటోలు, ల్యాప్‌టాప్‌లో పెద్దగా పెట్టుకుని చూడండి. వాడి ఫొటో దగ్గర మొదటి మాట మాస్టారినే చెప్పమను.

శనివారం మీ సాయంత్రం ఆరింటికి ఫోన్ చేస్తాను, అమ్మని దగ్గరుండమను.

ప్రేమతో,
అక్క