హాకీ గేమ్‌లో బొమ్మలు చాలు, ఆట మార్చండి

సంపాదకులు గారికి,

ఇక్కడ టొరంటోలో మన తెలుగు పిల్లలు చాలామంది ఐస్ హాకీ చూస్తూ, ఉత్తర అమెరికా హాకీ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్ పేరుతో వచ్చే వీడియో గేమ్ ఆడుతూ పెరుగుతున్నారు, అందుకే ఈ ఉత్తరం మీకు రాస్తున్నాను. ఏటా కొత్త భాగం వస్తుంది, తెరమీద బొమ్మలు (గ్రాఫిక్స్) ఇంకాస్త మెరుస్తాయి, ఆట మాత్రం పెద్దగా కదలదు.

ముందు బాగుచేయాల్సింది గోల్‌కీపర్‌ని. గోల్ ముందు నుంచి పక్‌ని (హాకీలో బంతి బదులు వాడే రబ్బరు బిళ్లని) అడ్డంగా అవతలి వైపుకి పాస్ చేస్తే, అక్కడున్నవాడు ఆపకుండా కొట్టేసే వన్‌టైమర్ 1993లో వచ్చిన ఎన్‌హెచ్‌ఎల్ 94 నాటి నుంచీ ఉంది. అది అందమైన షాటే, కాదనను, కానీ ఆన్‌లైన్‌లో అందరూ అదొక్కటే పట్టుకుంటే ఇక హాకీ ఏముంది? కీపర్ ఆ పాస్‌ని ముందే పసిగట్టి జరగాలి. ఒక్కోసారి పొరబడాలి కూడా, కానీ ప్రతిసారీ ఒకేలా కాదు.

తర్వాత కంప్యూటర్ ఆడించే సహచరులు. మనం పక్‌తో వెళ్తుంటే వాళ్లు పక్ కంటే ముందే ప్రత్యర్థి వైపున్న నీలిగీత దాటేసి ఆఫ్‌సైడ్ అనే తప్పు తెస్తారు, డిఫెన్స్‌లో తమ మనిషిని వదిలేసి పక్ వెంట పడతారు, మ్యాచ్ చివర్లో ఇలా జరిగితే ఆ టెన్షన్ చెప్పలేం. నిజం ఆటలో ఐదుగురు స్కేటర్ల మధ్య ఉండే అవగాహనే కదా అసలు హాకీ!

2006లో ఎన్‌హెచ్‌ఎల్ 07 కంట్రోలర్ కుడి స్టిక్‌తో హాకీ కర్రని తిప్పే పద్ధతి తెచ్చి ఆటనే మార్చేసింది. అంత ధైర్యం మళ్లీ చూపించాలి.

ఇంకోటి, ఎన్‌హెచ్‌ఎల్ 09 తర్వాత ఈ సిరీస్ పీసీకి రాలేదు. ఇండియాలో కన్సోల్ లేనివాళ్ల కోసమైనా తర్వాతి భాగం పీసీలో ఇవ్వాలి.

- ఒక పాఠకుడు, టొరంటో