రోడ్డు మీద ధాన్యం గురించి

ప్రియమైన మురళీ,

పోయిన ఆదివారం హైదరాబాదు తిరిగి వెళ్తూ మా ఊరి మలుపులో కారు ఆపి, "రోడ్డంతా మీ సొంతమైనట్టు ధాన్యం పోసేశారేమిటి?" అని అడిగావు. బయలుదేరే తొందరలో నేను సరిగా జవాబు చెప్పలేదు గానీ, పక్కనే ఉన్న నాన్న ఆ మాటకు చిన్నబుచ్చుకున్నారు. అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను.

చిన్నప్పుడు సంక్రాంతి సెలవులకు వచ్చి మనం ఎక్కి దూకిన కుప్పలు నీకు గుర్తుండే ఉంటాయి. అప్పట్లో కొడవళ్లతో కోసి, పనలను చేలోనే ఎండనిచ్చి, కట్టలు కట్టి కుప్ప వేసేవాళ్లం. గింజ వెన్నుకు ఉండగానే ఆరిపోయేది కాబట్టి నూర్పిడికి తొందర ఉండేది కాదు. ఇప్పుడు కూలీలు దొరకక కోత మిషను దింపుతున్నాం. అది గంట, గంటన్నరలో ఎకరం కోసి, పచ్చి గింజను ట్రాక్టరులో పోసి వెళ్లిపోతుంది. ఆ గింజలో తేమ 20 శాతం దాటి ఉంటుంది. కొనుగోలు కేంద్రంలో 17 శాతం మించకూడదు. ఆరబెట్టకుండా రాశిగా వదిలేస్తే లోపల వేడెక్కి గింజ రంగు మారిపోతుంది. మా గోదావరి డెల్టాలో కళ్లాలు చాలావరకు చేపల చెరువుల్లోనూ ఇళ్ల స్థలాల్లోనూ కలిసిపోయాయి, మిగిలిన చేలలో ఇంకా పదును ఆరలేదు. ఇక వేడి పట్టి ఉంచే నేల అంటే మాకు తారు రోడ్డే.

నువ్వు చూసిన ఆ ధాన్యంలో నాన్న ఉదయం 8 గంటల నుంచి చెప్పులు విడిచి నడుస్తూనే ఉన్నారు. పాదాలతో చాళ్లు తీసినట్టు తిరగేస్తే అడుగు గింజ పైకి వస్తుంది. మధ్యమధ్యలో ఒక గింజను పంటి కింద పెట్టి కొరుకుతారు. టక్కున విరిగితే ఎండినట్టు, మెత్తగా నలిగితే ఇంకో పూట కావాలన్నమాట. పొద్దువాలి మంచు దిగకముందే పోగు చేసి బరకాలు కప్పి, ఇంట్లో ఒకరు దాని పక్కనే పడుకుంటాం. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు, బరకాల అడుగు నుంచి నీళ్లెక్కి మా ధాన్యం మొలకెత్తింది. ముద్దకట్టిన ఆ మొలకలను అమ్మ చేత్తో విడదీయడం నేను మరిచిపోలేను. ఈ నెలల్లో మబ్బు పడితే మా ఇంట్లో ఎవరికీ అన్నం సహించదు.

అలాగని రోడ్డు మీద వచ్చేపోయేవాళ్లకు ప్రమాదమన్న భయాన్ని కొట్టిపారేయలేను. ధాన్యం చుట్టూ పెట్టిన రాళ్లను కొందరు అక్కడే వదిలేస్తారు. పోయినేడు రాత్రిపూట మా ఊరి కుర్రవాడే బండి మీద వస్తూ రాయి తగిలి పడి చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. ఊరివాళ్లు దీన్ని తప్పుగా ఎంచకపోవడం నాకు బాధగానే ఉంటుంది. ఊరికొక సిమెంటు కళ్లం ఉంటే నీకూ మాకూ ఈ ఇబ్బంది సగం తీరుతుందని నా నమ్మకం.

ఏప్రిల్ నెలాఖరులో దాళ్వా, అంటే రెండో పంట వరి, కోతలు మొదలవుతాయి. ఈసారి రెండు రోజులు ఉండేలా రా. నాన్న నీకోసం తాటిముంజలు తీయిస్తానంటున్నారు.

నీ
సత్యం